గ్లాసు క్రాఫ్ట్ బీరుకు 450 రూపాయలు సబబేనా? ఎలా తేల్చుకోవాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. గచ్చిబౌలిలోని ఒక మైక్రోబ్రూవరీలో, అంటే అక్కడికక్కడే చిన్న విడతల్లో క్రాఫ్ట్ బీరు తయారుచేసి వడ్డించే చోట, గ్లాసు హేజీ ఐపీఏకు (మబ్బుగా, పండ్ల వాసనతో ఉండే చేదు బీరు) 450 రూపాయలు పెట్టారు. దుకాణంలో 650 మి.లీ. లాగర్ (చలిలో నిదానంగా పులియబెట్టే బీరు) సీసా అందులో సగం ధరకే వస్తుంది. మొదటి గుక్కలో పండ్ల వాసన గుప్పుమన్నా, సగం గ్లాసు అయ్యేసరికి గొంతులో గరగరలాడే చేదు తప్ప మరేమీ మిగల్లేదు. క్రాఫ్ట్ బీరు ఆ ధరకు తగినదేనా, తగినదో కాదో తాగేవాళ్లకు ఎలా తెలుస్తుంది అన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. ఆ ధరకు తగిన బీరు హైదరాబాద్‌లో దొరుకుతుంది. మీరు తాగినది మాత్రం, మీ వర్ణనను బట్టి చూస్తే, ఇంకా ఆ స్థాయికి రాని బీరు. అది ఎందుకో చివర్లో వివరిస్తాను. తేడా పట్టుకోవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఉండాల్సినంత కాలం ట్యాంకులో ఉండి, ఆ తర్వాత ఆలస్యం లేకుండా గ్లాసులోకి వచ్చిందా? తయారీ లోపాల వాసన ఏదైనా ఉందా? చివరి గుక్క కూడా మొదటి గుక్కంత ఇష్టంగా దిగిందా? ఈ మూడూ కుదిరితే ధర సబబు. వీటిలో ఏది తప్పినా, 450 అయినా 250 అయినా దండగే.

నేను ఈ నగరంలోనే మైక్రోబ్రూవరీల్లో బీరు తయారీ పని చూస్తుంటాను. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చిన తర్వాత ఇక్కడ ఈ పని ఊపందుకుంది. ధర వెనుక ఏముందో లోపలి నుంచి చెప్పగలను. అలాగని అమ్మేవాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకోను. లోపమున్న బీరును నిండు ధరకు అమ్మితే దాని దెబ్బ మంచి బీరు చేసేవాళ్లందరి మీదా పడుతుంది. అలా ఒకసారి డబ్బు పోగొట్టుకున్న మనిషి ఆ గడప మళ్లీ తొక్కడు సరికదా, క్రాఫ్ట్ బీరు అంటే ఇంతేనని పదిమందికి చెబుతాడు.

దుకాణపు సీసాతో పోల్చడం దగ్గరే లెక్క తప్పుతుంది. పెద్ద కర్మాగారాలు ఏటా కోట్ల లీటర్లు తీస్తాయి. బార్లీ మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలతో) పాటు బియ్యమో, మొక్కజొన్నో, పంచదారో కలుపుతాయి. అందులో నేరమేమీ లేదు, తేలికపాటి లాగర్‌కు అదొక పద్ధతి. ఆ బీరు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారా దుకాణాలకు చేరుతుంది, దాని ధర ప్రభుత్వ నిర్ణయం మీద ఆధారపడుతుంది. 2025 ఫిబ్రవరిలో తెలంగాణలో బీరు ధర 15 శాతం పెరిగింది కూడా అలాగే. మైక్రోబ్రూవరీలో ఒక విడతకు తయారయ్యేది ఐదు వందలో, వెయ్యో లీటర్లు. మనుషులు, కరెంటు, శుభ్రం చేసే రసాయనాలు, లైసెన్సు రుసుము అన్నీ ఆ కొద్ది లీటర్ల మీదే పంచుకోవాలి. కాబట్టి సీసాకూ గ్లాసుకూ మధ్య తేడా ఉండటం సహజం. ఆ తేడాలో గ్లాసులోకి చేరింది ఎంత, గోడలకూ దీపాలకూ పోయింది ఎంత అన్నదే మనం చూడాల్సింది.

ముందు గ్లాసులోకి చేరేదాని సంగతి. 5 శాతం ఆల్కహాల్ ఉండే మామూలు లాగర్ వెయ్యి లీటర్లకు సుమారు 170 నుంచి 200 కిలోల మాల్ట్ పడుతుంది. 8 శాతం ఉండే బీరుకు అది దాదాపు 300 కిలోలకు చేరుతుంది. బలమైన బీరు కొంత ఖరీదు కావడం న్యాయమే. బీరుకు చేదు, పరిమళం ఇచ్చే పూలైన హాప్స్ విషయంలో తేడా ఇంకా పెద్దది. వెయ్యి లీటర్ల లాగర్‌కు ఒకటి రెండు కిలోల హాప్స్ చాలు. మీరు తాగిన హేజీ ఐపీఏ రకానికి పది నుంచి ఇరవై కిలోలు వేస్తాం. సిట్రా, మొజాయిక్ వంటి పేరున్న రకాలు అమెరికా నుంచి రావాలి, దారి పొడవునా చల్లగా, గాలి తగలకుండా ఉండాలి. పైగా అన్ని హాప్స్ వేసినప్పుడు అవి బీరును పీల్చుకుని ట్యాంకు అడుగున ముద్దగా మిగిలిపోతాయి. అమ్ముకునే బీరు ఆ మేరకు తగ్గుతుంది. ఐపీఏ ధర చూసి కోపం వచ్చినప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

లాగర్ సంగతి వేరు. మాల్ట్ మామూలే, హాప్స్ తక్కువే, దానికి కావలసింది కాలం. పులియడం ముగిశాక సున్నా డిగ్రీలకు దగ్గరి చలిలో వారాల తరబడి ఉంచాలి. మొత్తం మీద నాలుగు నుంచి ఆరు వారాలు. గోధుమ బీరైతే రెండు వారాల్లో సిద్ధమవుతుంది. అంటే ఒక లాగర్ కోసం ట్యాంకును ఆపితే, అదే ట్యాంకులో రెండు మూడు విడతల గోధుమ బీరు తీసి అమ్ముకునే అవకాశం వదులుకున్నట్లు. చిన్న బ్రూవరీకి ఇది పెద్ద నిర్ణయమే. చాలా చోట్ల మెనూలో అన్ని రకాలకూ దాదాపు ఒకే ధర పెడతారు. అలాంటి చోట మీ డబ్బుకు ఎక్కువ దక్కేది నిదానంగా చేసిన లాగర్‌లో, లేదా హాప్స్ దండిగా పడిన ఐపీఏలో. గోధుమ బీరు బాగుండదని కాదు, దాని మీద తయారుచేసినవాళ్లకు అయిన ఖర్చు తక్కువ, అంతే.

నేను కొత్త చోటికి వెళితే ముందు అడిగేది లాగర్, పిల్స్‌నర్ (లేత రంగు లాగర్), కోల్ష్ (లాగర్ లాంటి తేలికపాటి జర్మన్ బీరు)లలో ఏది ఉంటే అది. వాటిలో తప్పు దాచుకోవడానికి చోటు లేదు. నారింజ తొక్క, ధనియాలు, మామిడి, కాఫీ ఏవీ అడ్డం రావు. 1842లో పిల్సెన్‌లో యోసెఫ్ గ్రోల్ తొలి పిల్స్‌నర్ తీసినప్పటి నుంచి ఆ బీరుకు కావలసినవి మారలేదు: లేత మాల్ట్, సాజ్ హాప్స్, మెత్తని నీళ్లు, ఓపిక. మన దగ్గర కృష్ణా నీళ్లు వచ్చినా, మంజీర నీళ్లు వచ్చినా, ట్యాంకరు తోలించుకున్నా ఆర్వో పట్టి, కావలసిన లవణాలు కొలిచి కలుపుకోవచ్చు. నీళ్ల మీద నెపం వేయడం ఇక కుదరదు. మిగిలింది ఓపికే. సాదా లాగర్‌ను శుభ్రంగా చేసే చోట మిగతావి కూడా ధైర్యంగా అడగవచ్చు.

ఇప్పుడు బల్ల దగ్గర కూర్చున్నాక ఏం చేయాలో చూద్దాం.

మీరు తాగబోయే బీరు ట్యాప్‌కు ఎక్కి ఎన్ని రోజులైందో అడగండి. తెల్లవారుజామున దించిన తాటికల్లుకూ, అదే కుండలో సాయంత్రానికి మిగిలినదానికీ ఉండే తేడా మనవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బీరులో ఆ మార్పు గంటల్లో కాక వారాల్లో జరుగుతుంది. కారణం కూడా వేరు, ఇక్కడ చెరుపు చేసేవి ఆక్సిజన్, వేడి. బీరు పరిశ్రమలో 3-30-300 అని ఒక మోటు లెక్క వాడతారు: 32 డిగ్రీల వేడిలో 3 రోజులు ఉంచితే వచ్చే నష్టం, 22 డిగ్రీల్లో 30 రోజులకూ, 3 డిగ్రీల చలిలో 300 రోజులకూ సమానం. మే నెలలో హైదరాబాద్ ఎండ ఎంతో మీకు తెలుసు. కూలింగ్ లేని గోదాములో ఒక వారం గడిపిన ఐపీఏ సీసా మీద తయారీ తేదీ ఎంత కొత్తదైనా, లోపలి బీరు ముసలిదైపోయి ఉంటుంది.

హాప్స్ మీద ఆధారపడే బీర్లకు ఈ దెబ్బ ఎక్కువ. మంచి ఐపీఏ పరిమళం రెండు మూడు నెలల్లోనే చప్పబడిపోతుంది, ఆపైన చేదు, ఎండిన గడ్డి వాసన, పంచదార పాకం లాంటి తీపి మిగులుతాయి. దూరదేశం నుంచి వచ్చిన ఐపీఏ సీసాకు నేను సాధారణంగా డబ్బు పెట్టను. మంచి బ్రూవరీదే అయినా సరే, సముద్రం దాటి, సుంకాలు కట్టి, రెండు గోదాములు మారి వచ్చేసరికి దాని ధర పెరుగుతుంది, పరిమళం తరుగుతుంది. బలమైన స్టౌట్‌లు (కాల్చిన గింజలతో చేసే నల్లని బీర్లు), బెల్జియం ట్రిపెల్ వంటి గాఢమైన బీర్లు ఆ ప్రయాణాన్ని తట్టుకుంటాయి. దిగుమతి సీసా కొనాలనిపిస్తే అటువైపు చూడండి. ఆకుపచ్చ సీసా దుకాణం ముందు అద్దంలో ఎండకు నిలబడి ఉంటే అసలు ముట్టుకోకండి. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి దుర్వాసన పుడుతుంది. ముదురు గోధుమ రంగు సీసా కొంత కాపాడుతుంది, క్యాను పూర్తిగా కాపాడుతుంది.

మైక్రోబ్రూవరీ బీరును సాధారణంగా పాశ్చరైజ్ చేయరు, చాలా రకాలను వడకట్టరు కూడా. చల్లని ట్యాంకులో ఒత్తిడి కింద కొన్ని వారాలు నిక్షేపంగా ఉంటుంది. రద్దీ ఉన్న చోట ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది కనుక పాత బీరు మీ దాకా రాదు. ఇక్కడ మన నగరపు తీరు ఒకటి చెప్పాలి. కార్తికమాసం, అయ్యప్ప దీక్షల రోజుల్లో బల్లలు పలచబడతాయి, ట్యాంకులు మెల్లగా కదులుతాయి. అప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. డిసెంబరు 31 దగ్గర పడినప్పుడు దీనికి తలకిందులు: రద్దీకి సరిపడక, ఇంకా సిద్ధం కాని ట్యాంకును తెరిచేస్తారేమో అని చూసుకోవాలి. రోజుల లెక్క అడిగితే వడ్డించేవారికి తెలియకపోవచ్చు, అది తప్పు కాదు. లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి చెబితే ఆ చోటు మీద నాకు గౌరవం పెరుగుతుంది. 'అన్నీ ఫ్రెష్షే సార్' అని అక్కడికక్కడే తేల్చేస్తే చిన్న గ్లాసుతో రుచి చూశాకే ముందుకు వెళ్తాను.

వాసన చూడండి, తర్వాతే తాగండి. మంచు పట్టిన గ్లాసులో ఇస్తే వద్దనండి, మామూలు గ్లాసు అడగండి. అంత చలిలో నాలుకకు ఏమీ తెలియదు, మంచి బీరూ చెడ్డ బీరూ ఒకేలా ఉంటాయి. లాగర్‌కు 4 నుంచి 7 డిగ్రీలు, ఐపీఏ, స్టౌట్ వంటి ఏల్ రకాలకు 8 నుంచి 12 డిగ్రీలు బాగుంటుంది. గ్లాసు లోపలి గోడలకు బుడగలు గుంపులుగా అతుక్కుని కనిపిస్తే గ్లాసు సరిగా కడగలేదన్నమాట. పైన రెండు వేళ్ల మందాన నురగ ఉంటే అది మోసం కాదు, వాసనను పైకి మోసేది ఆ నురగే. ఇంకో మాట. మిర్చి బజ్జీలు, కబాబ్‌లు వచ్చేలోపే బీరును అంచనా వేయండి. కారం తగిలాక హాప్స్ చేదు రెట్టింపుగా తోస్తుంది, తప్పు బీరుదో కూరదో తెలియదు.

లోపాల్లో నేను ఎక్కువగా చూసేది వెన్న వాసన. సినిమా హాల్లో పాప్‌కార్న్ మీద వేసే వెన్న వాసన గ్లాసులోంచి వస్తే, గుక్క దిగాక నాలుక మీద జారుడు పొర ఒకటి మిగిలితే, అది డయాసిటైల్. పులియబెట్టేటప్పుడు ఈస్ట్ వల్లే పుడుతుంది, కొన్ని రోజులు ఆగితే ఆ ఈస్టే దాన్ని తినేస్తుంది. లాగర్ పులియడం చివరికొచ్చినప్పుడు ఉష్ణోగ్రతను 16-18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులు వదిలేసేది అందుకే. అది పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ట్యాంకు నుంచి రెండు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పట్టి మూతలు పెడతాం. ఒకదాన్ని 60 డిగ్రీల వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండింటి మూతలూ తీసి పక్కపక్కన వాసన చూస్తాం. వేడి తగిలిన గ్లాసులో వెన్న వాసన లేస్తే, రెండో గ్లాసు ఎంత శుభ్రంగా ఉన్నా సరే, ఆ ట్యాంకు ఇంకా సిద్ధం కాలేదు. ఇప్పుడే చల్లార్చి అమ్మితే ఆ వాసన తర్వాత ఎవరి గ్లాసులోనో బయటపడుతుంది.

ఒక దసరా ముందు మాకు అదే జరిగింది. వేడి గ్లాసులోంచి వెన్న వాసన స్పష్టంగా వచ్చింది. 'అన్నా, పండగ సెలవులకు లాగర్ లేకపోతే ఎలా?' అని మేనేజర్ తల పట్టుకున్నాడు. మెనూలో లాగర్ పేరు మీద కాగితం అంటించి ఆపాం. నష్టం వచ్చిన మాట నిజం. ఆ తర్వాత మరోచోట నేను అతిథిగా వెళ్లి తాగిన లాగర్‌లో అలా వేచి ఉన్న జాడ కనిపించలేదు. ధర మాత్రం మాదానికంటే ఎక్కువ. తాగేవాళ్లు చెల్లించే డబ్బులో ఇలా వేచి ఉండటానికి ఒక వాటా ఉంది. అది జరగనప్పుడు ఆ వాటా అడిగే హక్కు అమ్మేవాళ్లకు లేదన్నది నా గట్టి అభిప్రాయం.

మిగతావి త్వరగా చెబుతాను. ఉడికించిన మొక్కజొన్న వాసన వస్తే సాధారణంగా మరిగించడంలో లోపం. పచ్చి ఆపిల్ వాసన వస్తే బీరు ఇంకా పసిది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే ఆక్సిజన్ తగిలి పాతబడింది. ఆసుపత్రిని గుర్తుచేసే మందుల వాసన నీటిలోని క్లోరిన్ వల్లో, అడవి ఈస్ట్ వల్లో వస్తుంది. వెనిగర్ పులుపు బాక్టీరియా పని. ఒకే చోట రెండు మూడు వేర్వేరు బీర్లలో అదే పులుపు తగిలితే తప్పు ట్యాంకులో కాదు, ట్యాప్ దాకా వచ్చే గొట్టాల్లో ఉందని అనుమానించండి. వాటిని రెండు వారాలకోసారి కడగాలి, బద్ధకించే చోట్లు ఉన్నాయి.

అయితే వాసన చూడగానే తీర్పు ఇచ్చేయకండి. జర్మన్ పద్ధతి గోధుమ బీరులో మగ్గిన చక్కెరకేళి అరటి, లవంగం వాసనలు ఉండాలి, అవి ఆ ఈస్ట్ సొత్తు. అవే లాగర్‌లో వస్తే లోపం. బెల్జియం పద్ధతి గోధుమ బీరైన విట్‌లో ధనియాలు, నారింజ తొక్క ఉంటాయి. చెక్ పిల్స్‌నర్లలో కొన్నింటికి అతి స్వల్పంగా వెన్న వాసన సహజం. హేజీ ఐపీఏ, గోధుమ బీరు మబ్బుగా ఉంటాయి. వడకట్టని లాగర్ అని ముందే చెబితే తప్ప పిల్స్‌నర్ అలా ఉండకూడదు. ఏ బీరునైనా అది ఏమని చెప్పుకుందో దానితోనే కొలవాలి. మెనూలో ఒక్క వాక్యం వర్ణన ఉంటే చదవండి, అదే దాని వాగ్దానం. పక్కన వేసే ఐబీయూ (హాప్స్ చేదు కొలత) అంకె చూసి చేదును ఊహించుకోవద్దు. మాల్ట్ తీపి ఎక్కువగా ఉన్న బీరులో 60 కూడా మెత్తగా అనిపిస్తుంది, పలచని బీరులో 30 కూడా గుచ్చుకుంటుంది. 'ప్రీమియం', 'హ్యాండ్‌క్రాఫ్టెడ్' వంటి మాటల్ని లెక్కలోకి తీసుకోకండి. 'ఇంపోర్టెడ్ మాల్ట్' అన్నదీ ఒక్కటే గొప్ప కాదు. రాజస్థాన్, హర్యానా బార్లీతో చేసిన మన మాల్ట్‌తో మంచి లాగర్ చేయవచ్చు.

పండ్ల బీర్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. వేసవి రాగానే బంగినపల్లి పేరుతో ఒక బీరు మెనూకు ఎక్కుతుంది. నిజంగా పండు గుజ్జు వేసి చేస్తే కిలోల లెక్కన ఖర్చు, పైగా తొక్కలు, పీచు, ట్యాంకు కడగడం అంతా చాకిరీ. ఆ గుజ్జులోని చక్కెరను ఈస్ట్ తినేస్తుంది కనుక నిజమైన మామిడి బీరు రసంలా తియ్యగా ఉండదు. వాసన మృదువుగా ఉంటుంది, చివర్లో కొంచెం పులుపు, టెంక దగ్గరి పీచును నమిలినప్పుడు వచ్చే ఆ చిరు వగరు తగులుతాయి. ఎసెన్సు వేసినదైతే గ్లాసు బల్ల మీద పెట్టగానే మామిడి వాసన చుట్టుముడుతుంది, నోట్లో మాత్రం తీపి తప్ప ఏమీ ఉండదు, రెండో గుక్కకే మొహం మొత్తుతుంది. మొదటిదానికి ఎక్కువ ధర ఇవ్వడం సమంజసం. రెండోదానికి గోధుమ బీరు ధర కంటే పైసా ఎక్కువ ఇవ్వకూడదు. అరకు కాఫీతో చేసే స్టౌట్‌కూ ఇదే వర్తిస్తుంది. కాల్చిన గింజల వాసన ఉందా, కాఫీ చాక్లెట్టు వాసన ఉందా అన్నది ముక్కుకు ఇట్టే తెలిసిపోతుంది.

చివరి గుక్క. గ్లాసు ముందు పెట్టుకుని పది పదిహేను నిమిషాలు మాట్లాడుకోండి. బీరు కాస్త వెచ్చబడుతుంది, చలి దాచినదంతా బయటికి వస్తుంది. మంచి బీరు అప్పుడు ఇంకా విచ్చుకుంటుంది, మాల్ట్‌లోని రొట్టె వాసన, హాప్స్‌లోని పూల వాసన విడివిడిగా తెలుస్తాయి. లోపమున్నది అక్కడే దొరికిపోతుంది. ఇంకో గ్లాసు అదే చెప్పాలని మనసుకు అనిపించిందా లేదా అన్నదాన్ని నేను ఏ అంకె కంటే ఎక్కువ నమ్ముతాను.

బిల్లు విషయం కూడా చూసుకోండి. గ్లాసు ఎన్ని మి.లీ. అన్నది ముందే అడగాలి. 330 మి.లీ.కి 400 అడిగే చోటు, 500 మి.లీ.కి 500 అడిగే చోటు కంటే ఖరీదైనది, మెనూ చూస్తే మాత్రం చవకగా కనిపిస్తుంది. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. తిండికి వేసిన జీఎస్టీ బీరు మీద కూడా పడిందేమో చూడండి. సర్వీసు చార్జీని హోటళ్లు తమంతట తాము బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే తీసేయమనండి. జూబ్లీహిల్స్‌లో మేడ మీద తోట, ప్రత్యక్ష సంగీతం ఉన్న చోట ధరలో కొంత వాటికే పోతుంది. స్నేహితులతో సాయంత్రం గడపడానికి వెళ్లినప్పుడు దాన్ని నేనూ తప్పుపట్టను. బీరు కోసమే వెళ్లేవాళ్లు మాత్రం కొండాపూర్ వైపో, ఇంకో వైపో హంగు తక్కువ ఉన్న చోటు చూసుకుంటే అదే డబ్బుకు మెరుగైన గ్లాసు దొరికే అవకాశం ఉంది. ఆల్కహాల్ శాతాన్ని రూపాయలతో భాగించి విలువ కట్టే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది, స్ట్రాంగ్ బీరుకు అలవాటు పడినందువల్ల వచ్చిందది. ఆ లెక్క వేసుకుంటే క్రాఫ్ట్ బీరు ఎప్పుడూ ఓడిపోతుంది, దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఆరున్నర శాతం ఐపీఏ రెండు గ్లాసులు తాగినా 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. అనే చట్టపరిమితి దాటే ప్రమాదం ఉంది. బండి ఇంట్లోనే వదిలి రండి.

రుచి మీకు నచ్చకపోతే ఈ కొలతలన్నీ వృథా అన్నదీ నిజమే. మా దగ్గరికి ఏళ్లుగా వచ్చే ఒక పెద్దాయనకు హాప్స్ చేదు అస్సలు పడదు. కుర్రాళ్లు ఎంత బలవంతం చేసినా ఆయన కోల్ష్ దాటి వెళ్లడు. ఆయనకు ప్రపంచంలోకెల్లా గొప్ప ఐపీఏ కూడా దండగే, నేనూ ఎప్పుడూ ఒత్తిడి చేయలేదు. అందుకే నాలుగైదు రకాలు చిన్న చిన్న గ్లాసుల్లో ఇచ్చే టేస్టర్ సెట్ ఉంటే మొదటిసారి అదే తీసుకోండి. లేకపోతే ఒక గుక్క రుచి చూపించమని అడగండి. మంచి చోట్లు కాదనవు. లోపం ఉందనిపిస్తే మర్యాదగా వెనక్కి ఇవ్వండి, ఏ వాసన వస్తోందో చెప్పండి. బ్రూవర్ లోపలే ఉంటే పిలవమనండి. మాకు అలాంటి మాట చాలా ఉపయోగం, పొద్దున్నే ఆ ట్యాంకు దగ్గరికే వెళ్తాం.

ఇక మీ ఐపీఏ. పాతబడినదైతే మొదట పోయేది పరిమళమే. మీకు మొదటి గుక్కలో పండ్ల వాసన గుప్పుమంది కనుక అది పాతది కాదు. గొంతులో గరగర, సగం గ్లాసు దగ్గర మిగిలిన కరుకు చేదు, ఈ రెండూ చూస్తే కారణం ఇదీ అనిపిస్తోంది: హాప్స్ దండిగా వేశారు, వాటి సన్నని పొడి బీరులో తేలుతుండగానే ట్యాంకు తెరిచారు. దీన్ని మేం హాప్ బర్న్ అంటాం. చలిలో మరో వారం పది రోజులు ఉంచితే ఆ పొడి అడుగుకు దిగిపోతుంది, గరగర పోయి పండ్ల వాసన మిగులుతుంది. హాప్స్‌కు పెట్టాల్సిన ఖర్చు వాళ్లు పెట్టారు, కాలం ఇవ్వలేదు. సగం పని మాత్రమే జరిగిందని నా లెక్క. మీరు వెళ్లి ఎన్ని రోజులైందో రాయలేదు. రెండు వారాల లోపే అయితే ఫోను చేసి అదే బ్యాచ్ ఇంకా నడుస్తోందేమో కనుక్కోండి. నడుస్తుంటే వారం మధ్యలో, రద్దీ లేని సాయంత్రం వెళ్లి ముందు చిన్న గ్లాసు అడగండి. గరగర పోయి ఉంటే ఆ 450 నిశ్చింతగా ఇవ్వవచ్చు. కొత్త బ్యాచ్ నిన్ననో మొన్ననో ఎక్కిందని చెబితే ఆ రోజుకు లాగర్ తీసుకోండి, ఐపీఏ కోసం వచ్చే వారం వెళ్లండి.